వేలిముద్ర పడిన పైసా

షారోనుకు ఈ లోకంలో అన్నిటికంటే ఎక్కువ భయం ఒకటే. పిల్ల ఏదైనా మింగేస్తుందని.

దొంగలంటే భయం లేదు, ఉరుములంటే లేదు. ఏడాదిన్నర హెప్సీ నోరు ఊరికే కదిలితే మాత్రం గుండె జారిపోతుంది. చేస్తున్న పని అక్కడే పారేసి పరుగెత్తుతుంది. బుగ్గలు నొక్కి, చూపుడువేలు లోపల పెట్టి, నాలుగు మూలలా తిప్పి చూస్తుంది. వేలికి ఏమీ తగలకపోతే అప్పుడు తను ఊపిరి తీసుకుంటుంది.

ఇంట్లో ఆమె చేసేది కుట్టుపని. గుండీలు, హుక్కులు, పిన్నీసులు, సూదులు. అన్నీ మింగడానికి సరిగ్గా సరిపోయేవే. పొద్దున లెక్కపెట్టి తీస్తుంది, సాయంత్రం లెక్కపెట్టి దాస్తుంది. ఒక్క హుక్కు తగ్గితే ఇల్లంతా ఊడ్చిందే మళ్ళీ ఊడుస్తుంది.

తొమ్మిదో తరగతితో చదువు ఆగిపోయింది. పంతొమ్మిదేళ్ళకు పెళ్ళయింది. ఇరవై ఒకటి నిండేసరికి భర్త అనిల్ కుమార్ లేడు. కొల్లేటి చెరువుల నుంచి చేపల లోడు తీసుకెళ్తూ దెందులూరు దగ్గర హైవే మీద లారీ తిరగబడింది. అప్పటికి హెప్సీ కడుపులో ఉంది. ఉన్న ఒక్కటీ ఎక్కడ చేజారిపోతుందోనన్న దిగులు ఆ రోజు పట్టుకున్నది ఇంకా వదల్లేదు.

అత్తగారు దేవకుమారి తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో ఆయా. కోడలూ మనవరాలూ ఆవిడ దగ్గరే ఉంటారు. రెండువేల నాలుగు జూన్లో, స్కూళ్ళు తెరిచిన వారంలోనే, ఆవిడ అలారం గడియారం ఆగిపోయింది. దాన్ని పట్టుకుని, పిల్లను చంకనేసుకుని, షారోను స్టేషన్ రోడ్డులోని గడియారాల కొట్టుకు వెళ్ళింది.

"ఏవండీ, ఇది ఆగిపోయిందండీ."

కంటికి నల్లటి లెన్సు తగిలించుకున్న అతను తలెత్తలేదు. "ఒక్క నిమిషం ఉండండి."

నిమిషం కాస్తా ఐదయింది. చెయ్యి లాగేస్తుంటే పిల్లను బల్ల మీద కూర్చోబెట్టింది. కొంగు సర్దుకుని చూసేసరికి హెప్సీ నోరు కదులుతోంది.

"నోరు తెరు. హెప్సీ, నోరు తెరవమ్మా."

వేలితో పాటు పళ్ళ చక్రం ఒకటి, మినపగింజంత ఇత్తడిది, బయటికి వచ్చింది.

"ఏంటండీ ఇది?" అంది షారోను.

"ఇదా, సెకండ్ల ముల్లు చక్రమండీ. పొద్దుట్నించీ దీనికోసమే వెతుకుతున్నాను." అతని మొహం వెలిగిపోయింది. "ఎక్కడ దొరికిందండీ?"

"మా పిల్ల నోట్లో."

మొహం ఆరిపోయింది.

"ఇలాంటివి పిల్లలకి అందేలా పరుచుకుని కూర్చుంటారా?"

"గడియారాల కొట్టండీ ఇది. పిల్లలెవరూ రిపేరుకి రారు కదండీ."

"పిల్లలు రారు. గడియారం తెచ్చే అమ్మలు వస్తారు. వాళ్ళ చంకలో ఏం ఉంటాయనుకున్నారు, కూరగాయలా?"

అతను లెన్సు తీశాడు. కంటి చుట్టూ గుండ్రంగా ముద్ర పడి ఉంది. ఒక కన్ను నిద్రపోయి లేచినట్టు, రెండోది లేవనట్టు ఉన్నాడు.

"తప్పేనండీ," అన్నాడు.

పోట్లాటకు సిద్ధపడి ఉన్న షారోనుకు ఆ మాటను ఏం చేసుకోవాలో తెలియలేదు. గడియారం బల్ల మీద పెట్టి వచ్చేసింది.

మూడో రోజు వెళ్తే బల్ల మీద ఒక్క వస్తువు లేదు. చక్రాలు, స్క్రూలు, సెల్లులు అన్నీ మూతలున్న డబ్బాల్లోకి ఎక్కాయి, డబ్బాలన్నీ పై అరలోకి ఎక్కాయి.

"అన్నీ పైన పెట్టేశారేంటండీ?"

"మొన్న ఒకావిడ వచ్చి గట్టిగా చెప్పి వెళ్ళారండీ," అన్నాడు గడియారం తుడుస్తూ. "నా పేరు వెస్లీ. ఇంకేమైనా మిగిలిపోతే చెప్పండి."

షారోను నవ్వు దాచుకోవడానికి పిల్ల జుట్టు సర్దింది. సర్దడానికి అక్కడ పెద్ద జుట్టేం లేదు.

ఆ నెలలో గడియారం మరో రెండుసార్లు ఆగిపోయింది.

"పదిహేనేళ్ళు ఒక్కనాడు ఆగని గడియారం," అంది దేవకుమారి పొయ్యి దగ్గర కూర్చుని. "ఇప్పుడు వారానికోసారి ఆగుతోంది. ఏంటమ్మాయ్ దాని జబ్బు?"

"కీ ఎక్కువ తిప్పానేమో అత్తయ్యా."

"ఎక్కువే తిప్పుతున్నావు."

దేవకుమారి ఎసట్లో పోసే బియ్యంలోంచి ఓ గుప్పెడు తీసి పక్కనున్న పాలపొడి డబ్బాలో వేసింది. చర్చిని వాళ్ళు గుడి అనే అంటారు. ఆ గుడివాళ్ళ ఇళ్ళల్లో అదో అలవాటు. వండిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం దేవుడికని తీసిపెడతారు. నెలాఖరు ఆదివారం డబ్బాలు గుడికి పట్టుకెళ్తారు, ఆరాధన అయ్యాక వేలం పాడతారు. పాడుకున్నవాళ్ళు బియ్యం పోసుకుని, డబ్బా ఎవరిదో వాళ్ళింటికి తెచ్చి ఇచ్చేస్తారు. హెప్సీ కూడా రోజూ తన బుల్లి గుప్పిట్లో పట్టినన్ని గింజలు ఆ డబ్బాలో వేస్తుంది. వేశాక రెండు తీసుకుని నోట్లో వేసుకుంటుంది. షారోను వేలు పెట్టి తీస్తుంది.

మూడోసారి గడియారం తీసుకోవడానికి వెళ్ళినప్పుడు వాన పట్టుకుంది. రోడ్డు మీద రిక్షాలు కూడా కనబడనంత వాన. వెస్లీ స్టూలు జరిపాడు. కూర్చుంది.

"ఒకటి చూపిస్తాను, నవ్వకూడదండీ," అని వెస్లీ ఒక ఆల్బమ్ తీశాడు. ప్లాస్టిక్ అరల్లో గోరంత తెల్లటి బిళ్ళలు. మూలలు గుండ్రంగా అరగదీసినట్టున్న నలుచదరపు ఒక్క పైసాలు.

షారోను నవ్వింది. "ఇవి చెల్లవు కదండీ."

"చెల్లవండీ. దొరకవు కూడా."

"పైసాలు దొరక్కపోవడమేంటి? మా అమ్మమ్మ పాత పెట్టె దులిపితే పాతిక రాలతాయి."

"రాలతాయండీ. అన్నీ అరిగిపోయినవే రాలతాయి." వెస్లీ ముందుకు వంగాడు. "రూపాయి బిళ్ళ కొత్తదొస్తే ముచ్చటపడి దాస్తారు. పైసాని చూసి ఎవరు ముచ్చటపడతారు చెప్పండి. హుండీల్లో వేశారు, కొంగున ముడేశారు, పిల్లలు గచ్చు మీద ఆడుకున్నారు. అల్యూమినియం మెత్తన. ఒకదాన్నొకటి రాసుకున్నా గీత పడుతుంది. అచ్చు నుంచి వచ్చిన మెరుపు ఒకసారి పోయిందంటే మళ్ళీ రాదు. ఊరందరి దగ్గరా ఉన్న వస్తువులో మంచిది వెతకడమే కష్టమండీ. ఏలూరులో ఒకాయన డబ్బాడు ఇచ్చారు. కొల్లేటి లంకలో ఓ మామ్మగారు సంచెడు ఇచ్చారు. పాపం నాకోసమని అన్నీ బూడిద పెట్టి, పీచుతో తోమి మరీ ఇచ్చారు."

"మెరిసి ఉంటాయే."

"మెరిశాయండీ. తోమిన అన్నం గిన్నెలా. నాకు ఏడుపొక్కటే తక్కువ."

ఈసారి ఇద్దరూ నవ్వారు.

"అరవై తొమ్మిది ఒక్కటే ఖాళీ," అని వెస్లీ ఒక అర చూపించాడు. "మా నాన్నగారు ఈ కొట్టు తెరిచిన ఏడాది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఆ ఏడాదివి పద్దెనిమిది ఉన్నాయి నా దగ్గర. మంచిది ఒక్కటీ లేదు."

"మంచిదంటే ఏంటండీ?"

"చెయ్యి తగలనిది."

చాలా మామూలుగా అన్నాడు. షారోనుకు ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. ఒళ్ళో పిల్లను కాస్త దగ్గరికి లాక్కుని, వాన తగ్గకముందే లేచింది.

కానీ అరవై తొమ్మిది అనే అంకె మనసులో ఉండిపోయింది. అత్తగారి పాత బైబిల్లో, అట్ట వెనకాల, అంటించిన కవరు ఒకటి ఉంటుంది. మీద "కోతకాలపు పండుగ కానుక, 1969" అని అచ్చు వేసి ఉంటుంది. లోపల చిన్న చదరపు బిళ్ళ చేతికి తెలుస్తుంది.

అడిగితే దేవకుమారి పంపు కట్టేసి వచ్చి కూర్చుంది.

"అప్పుడు నాకు పన్నెండేళ్ళు. మా నాన్న పోస్టాఫీసులో సరికొత్త పైసా అడిగి తెచ్చి, తనే కవర్లో పెట్టి అంటించాడు. ఆ ఆదివారమే గాలివాన. గుడికి వెళ్ళలేదు. పై వారం వేద్దామంటే పండుగ అయిపోయాక తెచ్చావేంటని సండే స్కూలు టీచరమ్మ అంటుందని సిగ్గేసింది. ఆ సిగ్గుకి ముప్ఫై అయిదేళ్ళయింది."

"వెస్లీగారు అదే వెతుకుతున్నారు అత్తయ్యా."

"వెతకనీ. అది దేవుడిది. నాది కాదు, నీది కాదు, ఆ గడియారాల అబ్బాయిది అసలే కాదు. ఎల్లుండి ఆదివారం కానుకల సంచిలో వేసేస్తాను." కోడలి మొహం చూసి కాస్త మెత్తబడింది. "చూసుకోవాలంటే రేపు వచ్చి చూసుకెళ్ళమను. చూస్తే ఏం అరిగిపోదు."

శనివారం సాయంత్రం వెస్లీ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. "వందనాలండీ," అని దేవకుమారికి చెప్పి, పట్టకారు, లెన్సు, తెల్లకాగితం బల్ల మీద పెట్టుకున్నాడు. బ్లేడుతో కవరు అంచు విప్పి, పట్టకారుతో బిళ్ళను కాగితం మీదికి జార్చాడు. లెన్సు పెట్టుకుని వంగాడు. ఎంతసేపటికీ లేవలేదు.

"ఏడుస్తున్నారా అండీ?" అంది షారోను నెమ్మదిగా.

"లేదండీ. లెన్సు పెట్టుకుంటే కన్ను తడవుతుంది."

"రెండో కంటికి లెన్సు లేదు కదండీ."

వెస్లీ నవ్వి లెన్సు ఆమెకు ఇచ్చాడు. షారోను చూసింది. ఆ గోరంత బిళ్ళ మీద, పొద్దున్నే కొల్లేటి నీళ్ళ మీద పరుగెత్తినట్టు, సన్నటి వెలుగు పరుగెత్తుతోంది.

"రేపు గుడికి వెళ్ళిపోతుంది బాబూ," అంది దేవకుమారి.

"వెళ్ళాలండీ. దాని చోటు అది. నాకొద్దని అబద్ధం మాత్రం చెప్పలేను."

అప్పుడే చినుకులు మొదలయ్యాయి. పెరట్లో దండెం మీద, బట్టల కొట్టుకు కుట్టిన లంగాలు గంజి పెట్టి ఆరేసి ఉన్నాయి. ముగ్గురూ పరుగెత్తారు. నాలుగు నిమిషాలు కూడా పట్టలేదు. చేతుల నిండా బట్టలతో లోపలికి వచ్చేసరికి కాగితం ఉంది, పట్టకారు ఉంది, కవరు ఉంది. పైసా లేదు.

బల్ల కింద హెప్సీ కూర్చుని ఉంది. నోరు కదులుతోంది.

షారోను చేతిలోని బట్టలన్నీ నేల మీద పడ్డాయి. వేలు పెట్టి తిప్పింది. రెండు బియ్యపు గింజలు వచ్చాయి. ఇంకేమీ రాలేదు. మళ్ళీ తిప్పింది. పిల్ల ఏడుపు అందుకుంది.

"మింగేసింది," అంది షారోను. ఆ గొంతు తనదిలా లేదు. "అత్తయ్యా, మింగేసింది."

వెస్లీ బల్ల వైపు చూడలేదు. పిల్లను భుజాన వేసుకుని వానలోకి దూకాడు. వీధి చివర ఆటో దొరికేదాకా పరుగే. వెనక షారోను, ఆ వెనక గొడుగు తెరవడం మర్చిపోయి చేత్తో పట్టుకున్న దేవకుమారి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల గొంతు, ఛాతీ చూసింది. ఎక్స్‌రే తీయించి వెలుతురుకు పెట్టి చూసింది.

"ఏం కనబడటం లేదమ్మా. అయినా అల్యూమినియం అంటున్నారు. అది ఇందులో సరిగా తెలియదు. ఊపిరి బాగానే తీసుకుంటోంది. మామూలుగా తిండి పెట్టండి. రెండు మూడు రోజుల్లో దొడ్డికి వెళ్ళినప్పుడు వచ్చేస్తుంది, చూసుకుంటూ ఉండండి. వాంతి అయినా, దగ్గినా, వెంటనే తీసుకురండి."

అంటే రెండు మూడు రోజులు. షారోను బయట బల్ల మీద కూర్చుని, నిద్రపోతున్న పిల్ల ఛాతీ మీద చెయ్యి వేసి, లేస్తోందా పడుతోందా అని చూస్తూ ఉంది.

పక్కన నిలబడ్డ వెస్లీ కాస్త వంగి అడిగాడు. "పొద్దున పాప దొడ్డికి వెళ్ళిందాండీ?"

షారోను మెల్లగా తలెత్తింది. సాయంత్రం నుంచీ కాదు, భర్త పోయినప్పట్నుంచీ దాచుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న మీద విరుచుకుపడింది.

"దొరికితే కడిగి పంపిస్తాను లెండి."

"అది కాదండీ..."

"చెయ్యి తగలనివే కదండీ మీకు కావాల్సింది. ఇక అది మీకు పనికిరాదేమో మరి. మేమూ అంతే."

వెస్లీ ఏదో చెప్పబోయాడు. "పాపని చూసుకోండి," అని మాత్రం అని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

దేవకుమారి అతను వెళ్ళిన వైపే చూస్తూ అంది. "చెప్పులు లేవమ్మాయ్ అతనికి. మన గుమ్మం దగ్గరే వదిలేసి పరుగెత్తాడు."

ఆ నెలాఖరు ఆదివారం షారోను గుడికి వెళ్ళలేదు. అరటిపండు, అన్నం, మళ్ళీ అరటిపండు. పొద్దున ఒకసారి బేసిన్లో చూసింది. ఏమీ లేదు. హెప్సీ మాత్రం తనకు జరుగుతున్న మర్యాదలకు చాలా సంతోషంగా ఉంది. పిల్ల ఒకసారి తుమ్మితే షారోను ఆసుపత్రికి వెళ్ళాలని చీర మార్చుకుంది కూడా.

గుమ్మం పక్కన మగవాళ్ళ చెప్పులు జత అలాగే ఉంది. లోపల పెట్టబోయి ఆగింది. అతను కాగితం వైపు ఒక్కసారైనా చూశాడా? గుర్తు తెచ్చుకుంది. చూడలేదు.

మధ్యాహ్నం దేవకుమారి వచ్చింది. చేతిలో బైబిలు ఉంది, బియ్యం డబ్బా లేదు.

"మన డబ్బా ఎంతకి పోయిందో తెలుసా? ఎప్పుడూ ఇరవై, పాతిక. ఇవాళ నూట యాభై ఒకటి. వేలం మధ్యలో పాస్టరు అయ్యగారే ఆగిపోయి, ఏం బియ్యం అమ్మా ఇవి అని అడిగారు."

"ఎవరు పాడారు అత్తయ్యా?"

"ఇవాళ మన గుడికి వచ్చాడు. గడియారం రిపేరు చేసేవాళ్ళకి బియ్యం ధర తెలియదు కాబోలు."

సాయంత్రం వెస్లీ వచ్చాడు. గుమ్మంలో తన చెప్పుల పక్కనే నిలబడ్డాడు. చేతిలో పాలపొడి డబ్బా, మూత వరకూ నిండుగా.

"డబ్బా ఇద్దామని వచ్చానండీ. పాపకి ఎలా ఉంది?"

"ఇంకా రాలేదండీ," అంది షారోను. తర్వాత నేల చూస్తూ, "ఖాళీ డబ్బా కదండీ ఇవ్వాల్సింది," అంది.

"ఖాళీ డబ్బాతో వస్తే గుమ్మంలోనే తీసుకుని పంపించేస్తారని భయమేసింది. బియ్యం ఉంటే చేట తేవాలి, పోయాలి, కాసేపు పడుతుంది." వెస్లీ డబ్బాను ఆ చేతి నుంచి ఈ చేతికి మార్చుకున్నాడు. "నిన్న నేను అడిగింది పైసా కోసం కాదండీ. మా చెల్లెలి కొడుకు బటన్ సెల్లు మింగాడు ఒకసారి. పొద్దున వెళ్ళిందో లేదో తెలిస్తే ఎన్ని గంటలు చూడాలో తెలుస్తుందని అక్కడి డాక్టరు అడిగారు. అది గుర్తొచ్చి అడిగాను. ఇంకో మాట కూడా ఉంది."

"ముందు చేటలో పొయ్యి బాబూ," అంది దేవకుమారి చేట తెచ్చి మధ్యలో పెడుతూ. "మాట చేతిలో బరువు దింపి చెప్పు."

వెస్లీ డబ్బా వంచాడు. బియ్యం జలజలా జారింది. హెప్సీ తప్పటడుగులతో గబగబా వచ్చి, తన అలవాటు ప్రకారం గుప్పెడు తీసి డబ్బాలో వేయబోయింది. నోట్లో పెడుతుందేమోనని షారోను ఆ చెయ్యి పట్టుకుంది.

చేటలో గింజల మధ్య ఏదో మెరిసింది.

షారోనుకు ఒక్కొక్కటే అర్థమైంది. నోట్లో దొరికిన రెండు గింజలు. పొయ్యి పక్కన వదులు మూత డబ్బా. చేతికి దొరికిన తెల్లటి ముక్కను, రోజూ చేసే పనిలాగే దేవుడి డబ్బాలో వేసి, రెండు గింజలు తీసుకుని బల్ల కిందికి పోయింది పిల్ల. మింగలేదు. ఏమీ మింగలేదు.

"మింగలేదండీ. షారోన్ గారూ, పాప మింగలేదు. ఇదిగో." వెస్లీ వంగి, గింజల్లోంచి పైసాను బొటనవేలూ చూపుడువేలూ మధ్య గట్టిగా పట్టుకుని తీసి, ఆమె అరచేతిలో పెట్టి, ఆ చేతిని మూసి, పైన తన చెయ్యి పెట్టాడు.

షారోనుకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే గుప్పిట తెరిచి చూసింది. పైసా మీద ఇంత పెద్ద వేలిముద్ర, చెమటతో సహా.

"వేలు పెట్టేశారండీ. పట్టకారు తేలేదా?"

"గుర్తు లేదండీ."

"ఇప్పుడిది మంచిది కాదు కదా."

వెస్లీ దాని వైపు లెన్సు లేకుండానే చూశాడు. "నిన్నటి నుంచి అదే ఆలోచిస్తున్నానండీ. నేను మంచిదంటే ఏమిటో తప్పుగా చెప్పాను. బిళ్ళల సంగతి వేరు. మీరు, పాప... మీరు ఒప్పుకుంటే..." అక్కడ మాట ఆగిపోయింది. "ఇంటికెళ్ళి రాసుకుని వస్తానండీ, నోటికి రావడం లేదు."

"కీ ఎక్కువ తిప్పేశావమ్మాయ్," అంది దేవకుమారి. "గడియారం ఆగిపోయింది."

షారోను ఏడుపులో నవ్వింది. తర్వాత అత్తగారి వైపు చూసింది. ఆ చూపులో అడగలేని ప్రశ్న ఉంది. పోయిన కొడుకు ఉన్నాడు, పెరుగుతున్న మనవరాలు ఉంది.

దేవకుమారి చేటలో బియ్యాన్ని కాసేపు ఊరికే కలిపింది. కళ్ళు తుడుచుకోలేదు, తడి కనిపిస్తున్నా.

"ఆ పైసా ఇవాళ గుడికి వెళ్ళిందా? వెళ్ళింది. దేవుడికి చేరిందా? చేరింది. నా సిగ్గు తీరిపోయింది. వేలంలో పాడింది ఇతను, కాబట్టి ఇతనిది." ఒక్క క్షణం ఆగింది. "ఈ అమ్మాయి మాత్రం నా పిల్లే. ఈ పాప నా మనవరాలే. ఎక్కడున్నా ఆదివారం మధ్యాహ్నం అన్నం నా ఇంట్లో. దానికి ఒప్పుకుంటావా బాబూ?"

"పొద్దున టిఫిను కూడా ఇక్కడే తింటానండీ," అన్నాడు వెస్లీ.

ఆగస్టులో మూడు ఆదివారాలు గుడిలో పెళ్ళి ప్రకటన చదివారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు, మూడోసారి హెప్సీ గట్టిగా తుమ్మడం తప్ప.

అరవై తొమ్మిది అర ఇప్పుడు ఖాళీగా లేదు. కొట్టుకు వచ్చే నాణేలవాళ్ళు ఆ పేజీ దగ్గర ఆగి, ఇంత మంచి బిళ్ళ మీద ఎవరండీ వేలు పెట్టిందని నొచ్చుకుంటారు. వెస్లీ సంతోషంగా తన బొటనవేలు చూపిస్తాడు.

షారోను భయం మాత్రం పోలేదు. ఇప్పుడు ఇద్దరు పిల్లలు, చిన్నవాడికి పది నెలలు. హుక్కులు లెక్కపెట్టేది ఆమె, స్క్రూలు లెక్కపెట్టేది అతను. లెక్క తప్పితే ఇద్దరూ కలిసి ఊడుస్తారు.

మీరు ఈ కథ మొదలుపెట్టి చాలాసేపయింది. మీ ఇంట్లో పాకే పిల్ల ఉందా? ఇందాకటి నుంచి చప్పుడు లేకుండా ఉందా? పుస్తకం పక్కన పెట్టి, ఒక్కసారి లేచి వెళ్ళి, నోట్లో ఏముందో చూసి రండి.